కొండ మీది పొగ, కొండ కింది పొగ

గెడ్డవలస,
12 ఆగస్టు 1968.

ఒరే నారాయణమూర్తీ,

నా బామ్మర్ది మబ్బుల ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నాడని గజపతినగరం సంత దాకా చాటుకున్నవాణ్ణి నేనే. ఇప్పుడు ఆ గొప్ప నా మెడకే చుట్టుకుంది. వీధిలోకి వస్తే చాలు, "ఏటి సోములు బావా, మీ బామ్మర్దికి మన ఊరి మీద కోపమేటి? మబ్బునిస్తన్నాడు గానీ వాననివ్వడం లేదు" అంటున్నారు. నవ్వి ఊరుకుంటున్నాను. లోపల నవ్వు లేదు.

ఆషాఢంలో ఒక మంచి వాన పడింది. గంటెలు, అదే మీ పట్నంవాళ్ల సజ్జలు, చల్లాం. మొలక బాగానే వచ్చింది. శ్రావణం సగమైంది, మళ్లీ చినుకు లేదు. మబ్బే రాకపోతే ఏమీ అనుకోం. రోజూ వస్తోంది. మధ్యాహ్నం దాటాక కొండ అవతల లేచి, కొండ దాటి, మన ఊరి మీద దూదిలా తెల్లగా పరుచుకుని, అలాగే చీపురుపల్లి వైపు జారిపోతోంది. కొండకు అవతల సాలూరు వైపు మాత్రం పడుతోంది.

నువ్వు వచ్చినప్పుడు చినబాబుకు ఒక్క సున్నపు బట్టీ ఉండేది. ఇప్పుడు కొండ మొదలంతా బట్టీలే. కట్టెలు, బొగ్గు నుసి, ఊక, ఏది దొరికితే అది వేసి రాయి కాలుస్తున్నారు. పొగ ఆగదు. మబ్బు వచ్చే దారి, ఆ పొగ లేచే దారి ఒకటే. పొగ తగిలి మబ్బు చెడిపోతోందని ఊరందరి అనుమానం. నాది కూడా.

మీ అక్క దగ్గు తగ్గలేదు. ఆరేసిన చీర దులిపితే బూడిద రాలుతోంది. పడుకుంటే ఊపిరి అందదని గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది.

బట్టీలను ఊరి పక్క నుంచి ఎత్తించాలని అర్జీ పెట్టబోతున్నాం. దగ్గు అని రాస్తే తాలూకా కచేరీలో ఎవడూ పట్టించుకోడు. వాన అని రాస్తే, శిస్తు సంగతి గనక, చూస్తారు. పొగ వానను ఆపుతుందని చదువుకున్నవాడివి నువ్వొక కాగితం రాసి పంపు.

మీ అక్క మొగుడు,
సోములు.


విశాఖపట్నం,
2 సెప్టెంబరు 1968.

బావా,

వానలు ఇవ్వడం నా చేతిలో లేదని ఊళ్లో చెప్పు. పొద్దున్నే ఒక బెలూను వదిలి అది ఎటు పోయిందో చూడడం, వాన పడ్డాక ఎంత పడిందో రాసుకోవడం, ఇంతే నా పని.

నువ్వడిగిన కాగితం ఇవ్వలేను. కరెంటు తీగలు లాగిన ఏడాది వాన తప్పితే, తీగలే వాననంతా లాగేస్తున్నాయని మనవాళ్లు ఒక స్తంభం పడగొట్టారు. ఆ గుంపులో నువ్వూ ఉన్నావు. ఇప్పుడు పొగ అంటున్నారు. రెండూ ఒకటేనని నేను అనను. కాని నేను సంతకం పెట్టే కాగితం మీద అనుమానం రాయకూడదు. ఈ ఏడాది బట్టీలు లేని ఊళ్లలో కూడా వాన తక్కువే.

అక్కను ఇక్కడికి పంపు. పెద్దాసుపత్రిలో చూపిస్తాను. నాలుగు రోజులు సముద్రపు గాలి పీలిస్తే నెమ్మదిస్తుంది.

నీ
నారాయణమూర్తి.


గెడ్డవలస,
6 అక్టోబరు 1968.

నారాయణమూర్తీ,

గంటెలు ఎండిపోయాయి. పశువులకు కోసి వేశాం. అవి కూడా ఇష్టంగా తినలేదు.

మీ అక్క రాదట. "ఆడి ఇంట్లో కూకుని దగ్గితే ఆడి పెళ్లానికి నిద్రుండదు. మన గొడ్లకి కుడితెవరు పెడతారు?" అంటోంది. నాలుగు రోజులు సముద్రపు గాలి పీల్చి మళ్లీ ఈ పొగలోకే రావాలి కదా. ఆ మాట నీకు తోచలేదు.

నువ్వు రాయనన్నావని నేనే చినబాబు దగ్గరికి వెళ్లాను. బట్టీ ఎదురుగా మంచం మీద కూర్చుని ఉన్నాడు. బట్టీలు కొండకు అవతలికి మార్చుకోమని మర్యాదగానే అడిగాను.

"నా పొగ మబ్బుల్ని తోలేస్తందా?" అన్నాడు. "మబ్బులేటి, నీ మేకలేటి, అదిలిస్తే పోడానికి?"

అక్కడున్న కూలీలు కూడా నవ్వారు. వాళ్లలో సగం మంది మన ఊరివాళ్లే. చేను పోయాక బట్టీకి చేరినవాళ్లు.

"ఒరే సోములూ, నాను మొండోణ్ణి కాను. సదువుకున్నోడు సేత రాయించీసి తే. మీ బామ్మర్ది ఉన్నాడు గదా మబ్బుల దొర. ఆడు రాస్తే నానే ఆర్పేస్తాను" అన్నాడు. నువ్వు రాయవని వాడికి తెలిసినట్టే అన్నాడు.

మా నేస్తం ఎర్రన్న నీకు గుర్తుండాలి. కొండ మీది జాతాపువాడు, పోడు చేసుకుని బతుకుతాడు. వాళ్ల నాన్న, మా నాన్న కూడా నేస్తాలే. మొన్న కొండచీపుళ్లు తెచ్చి ఇచ్చి, మీ అక్క దగ్గు విని గుమ్మంలోనే నిలబడిపోయాడు. "పైనుంచి సూస్తే మీ ఊరు కనబడదు నేస్తం. కంబళి కప్పీసినట్టుంటాది. మా గుడిసెకి ఆ పొగ ఎక్కదు. వదిన్ని పైకి పంపు, మా తవిటమ్మ సూసుకుంటాది" అన్నాడు. చలికాలం అక్కడే ఉంచుదామనుకుంటున్నాను.

అడవిలో బతికేవాడికి తోచినంత కూడా నీకు తోచలేదు.

సోములు.


విశాఖపట్నం,
15 డిసెంబరు 1968.

బావా,

నీ ఉత్తరం చదివాను. కోపం వచ్చిన మాట నిజం. ఆ కోపంతోనే మా ఆఫీసుకు వచ్చే విదేశీ పత్రికలు వెతకడం మొదలుపెట్టాను. దొరికింది. నువ్వన్నది వట్టి అనుమానం కాదు.

మబ్బు అంటే నీటి బొట్లు. ఆవిరి ఉత్త గాలిలో బొట్టు కట్టదు. పట్టుకోవడానికి ఒక నలుసు కావాలి. సముద్రపు ఉప్పు కావచ్చు, మట్టి కావచ్చు. నలుసులు కొద్దిగా ఉంటే ఒక్కొక్కదానికి నీరు బాగా అంది బొట్టు పెద్దదవుతుంది. పెద్ద బొట్టు దిగుతూ దారిలో చిన్నవాటిని కలుపుకుని వానై పడుతుంది. పొగలో కంటికి కనబడని నలుసులు కోట్లు. ఉన్న నీటినే వాటన్నిటికీ పంచాలి. ఒక కుండ అంబలి నీ ఇంటిల్లిపాదీ తాగితే ఆకలి తీరుతుంది. అదే కుండ సంతలో అందరికీ పోస్తే తలో చుక్క వస్తుంది, ఎవరి కడుపూ నిండదు. అలాంటి మబ్బు దట్టంగా, తెల్లగా కనబడుతుంది. కురవకుండా తేలిపోతుంది. నువ్వు దూదిలా అని రాసింది ఇదే కావచ్చు.

ఆస్ట్రేలియాలో చెరకు నరికే ముందు తోటలు తగలబెడతారట. ఆ పొగ పోయే దిక్కున మబ్బుల్లోకి విమానం నడిపి బొట్లు కొలిచారు. చిన్నవి, లెక్కకు మించి ఉన్నాయి. చెరకు సాగు పెరిగినకొద్దీ ఆ దిక్కు ఊళ్లలో కోతల కాలపు వాన తగ్గిందని ఒకాయన పాత లెక్కలు తీసి రాశాడు. ఇంకా పెద్ద మాటలు కూడా ఉన్నాయి. లోకమంతా ఇలాంటి పొగలు పెరిగితే అవి ఎండను వెనక్కి కొట్టి భూమిని చల్లబరుస్తాయని కొందరు, కాదు, బొగ్గు మండిన గాలి వల్ల వేడెక్కుతుందని కొందరు. అది ఇంకా తేలలేదు. తేలే దాకా నీ చేను ఆగదు.

నోటు ఇంగ్లీషులో రాశాను. ఇందులో పెడుతున్నాను. చేలు, తోటలు, కట్టె పెద్ద ఎత్తున తగలబెట్టినప్పుడు లేచే పొగ మబ్బు బొట్లను చిన్నవి చేస్తుందని, ఆ పొగ పోయే దిక్కున వాన తగ్గవచ్చని దాని సారాంశం. కొలిచి తేల్చినంత వరకే రాశాను. మా పై అధికారికి కూడా చూపించాను. చదివేవాళ్లకు ఇది చాలు.

అక్కను కొండ మీదికి పంపావా?

నీ
నారాయణమూర్తి.


గెడ్డవలస,
27 జనవరి 1969.

ఒరే బామ్మర్దీ,

నీ కాగితం అందింది. నిన్ను తిట్టినందుకు ఏమీ అనుకోకు. అనుకున్నా నేను చేసేది లేదు.

మిషను బడి పంతులు కృపారావు చేత చావిట్లో చదివించాను. ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాడు. అంతా విన్నాక అప్పలసూరి తాత, "మన సోములు బామ్మర్ది ఇమానంలో మబ్బులోకి ఎల్లీసినాడా!" అన్నాడు. నువ్వు కాదని నేను చెప్పలేదు. ఒక పూట గొప్పగా ఉండు.

కృపారావు ఒక మాట అన్నాడు. "సోములన్నా, దీన్లో బట్టీ అన్న మాట ఎక్కడా లేదు."

"బట్టీలో కాలేది కట్టే గదా పంతులూ. మన అర్జీలో బట్టీ అని రాస్తాం" అన్నాను. అలాగే రాయించాం.

సంతకాలు, వేలిముద్రలు ఎక్కువగా ఉంటే మంచిదని అందరిచేతా వేయించాను. బట్టీ కూలీలు వేయలేదు. ఆ లోటు తీరాలని కందికొత్తకు కొండెక్కినప్పుడు కాగితం తీసుకెళ్లాను. కొత్త కందులు కొండదేవతకు పెట్టందే వాళ్లు నోట పెట్టరని నీకు తెలుసు కదా. పూజ అయ్యాక ఎర్రన్న తన ఆకులో సగం నా ఆకులో వేశాడు. అప్పుడు అడిగాను.

"ఏటి నేస్తం ఇది?"

"పొగ వల్ల వాన్లు పోతన్నాయని అర్జీ. మీ వదిన కోసం."

"వదిన కోసమైతే మరేటి" అని వేలు చాపాడు. తవిటమ్మ కూడా వేసింది. ఆ గుడిసెల్లో అందరూ వేశారు.

మీ అక్క అక్కడే ఉంది. పడుకుని నిద్రపోతోంది. తవిటమ్మతో కలిసి తిరగలి పట్టి చోళ్లు విసురుతోంది. నన్ను చూసి, "బట్టీలు ఆర్పీసిన దాకా నాను కిందకి రాను. నువ్వే వొండుకో" అంది. ఏడాదిగా చూస్తున్నాను, అది వేళాకోళమాడడం ఇదే మొదలు.

అర్జీ కచేరీలో ఇచ్చేశాం.

సోములు.


విశాఖపట్నం,
16 ఫిబ్రవరి 1969.

బావా,

కార్డు ముక్కే రాస్తున్నాను, పని ఎక్కువగా ఉంది. అక్క పడుకుని నిద్రపోతోందన్న మాట మళ్లీ మళ్లీ చదివాను. నా ఉద్యోగం ఖాయమైంది. కచేరీ నుంచి ఎవరైనా విచారణకు వస్తే నా నోటు మీద అడిగిన ప్రతిదానికీ జవాబు రాస్తానని చెప్పు. శాస్త్రం మన ఊరికి ఒక్కసారైనా పనికొచ్చింది.

నారాయణమూర్తి.


గెడ్డవలస,
9 ఏప్రిల్ 1969.

నారాయణమూర్తికి,

విచారణకు వచ్చారు. నిన్ను అడగవలసిన అవసరం వాళ్లకు రాలేదు.

మేం చావిట్లో కుర్చీలు వేసి కొబ్బరిబొండాలు కొట్టించి ఉంచాం. తాసీల్దారు జీపు దిగాడు. వెనక ఫారెస్టువాళ్లు దిగారు. వాళ్ల వెనక చినబాబు దిగాడు. అప్పుడే నాకు తెలియవలసింది.

తాసీల్దారు నీ కాగితం చేత్తో పట్టుకుని ఉన్నాడు. బొండం తాగి కొండ వైపు చూశాడు. ఇవి పోడు కాల్చే రోజులు. ఎండిన తుప్పలు తగలబెట్టిన పొగ కొండ మీద నాలుగు చోట్ల లేస్తోంది. ఏడాది మొత్తానికి ఈ కొద్ది రోజులే అక్కడ పొగ ఉండేది.

"అదేం పొగ?" అని అడిగాడు.

"పోడు బాబూ" అన్నాడు అప్పలసూరి తాత.

"మీరు అర్జీ పెట్టింది దీని గురించే కదా?"

"కాదు బాబూ, బట్టీలు..." అని నేను లేచాను.

"ఈ నోటులో బట్టీ అని ఎక్కడుంది? చేలు తగలబెట్టిన పొగ అని ఉంది. రాసినవాడు ఆ ఆఫీసులోనే పనిచేస్తాడు. నీకు బామ్మర్ది అట. నీకంటే అతనికి తెలియదా?"

కృపారావు కాగితం అందుకుని మళ్లీ చదివాడు. తిరిగి ఇచ్చేశాడు.

ఎర్రన్నను కిందికి పిలిపించారు. చేతులకు మసి అంటుకుని అలాగే వచ్చాడు. అర్జీ చూపించి, "ఈ వేలిముద్ర నీదేనా?" అని అడిగారు.

"నాదే బాబూ. నేస్తం ఎయ్యమన్నాడు, ఏసినాను."

"పొగ వానను ఆపుతుందని నువ్వే ఒప్పుకున్నావు. మళ్లీ నువ్వే తగలబెడుతున్నావా?"

ఎర్రన్న నా వైపు తిరిగి, "ఏటి నేస్తం ఇది?" అన్నాడు. కందికొత్తనాడు అడిగిన మాటే.

"ఎర్రిబాగులోళ్లు బాబూ, ఆళ్లకేటి తెలుస్తాది. సదువుకున్నోళ్లు రాసినారు గనక మనకి తెలిసింది" అన్నాడు చినబాబు.

మూడో రోజున ఫారెస్టువాళ్లు పోడు మంటలు ఆర్పించి, గుడిసెలు పీకేశారు. మీ అక్క అక్కడే ఉంది. నడవలేనంది. నులకమంచం మీద దించాం. మంచం మోసినవాళ్లలో ఎర్రన్న ఒకడు. ఇంటి గుమ్మం దగ్గర మంచం దించి, "వదినా, నీకు మరి మా ఇల్లు లేదు" అని వెళ్లిపోయాడు.

బట్టీలు మండుతున్నాయి. మీ అక్క మళ్లీ గోడకు ఆనుకుంది.

నీ కాగితంలో బట్టీ మాట ఎందుకు లేదు? ఒక్క మాట. నువ్వు పుట్టిన ఊరు, నీ కళ్లతో చూసిన పొగ.

సోములు.


విశాఖపట్నం,
3 మే 1969.

బావా,

నువ్వడిగినదానికి జవాబు చెబుతాను. దాచను.

మొదట రాసిన నోటులో బట్టీ మాట ఉంది. సున్నపు బట్టీల పొగ కూడా ఇలాంటిదే గనక ఇలాగే పనిచేయవచ్చని రాశాను. మా పై అధికారి దాని కింద గీత గీసి, "ఎవరు కొలిచారు?" అని అడిగాడు. ఎవరూ కొలవలేదన్నాను. "అయితే కొట్టేయ్" అన్నాడు. కొట్టేశాను. అప్పటికి నా ఉద్యోగం ఖాయం కాలేదు. ఆ సంగతి నేను తలచుకోలేదని చెబితే నువ్వు నమ్మవు, నేనూ నమ్మను.

కాని మిగిలిందంతా నిజమే. పోడు పొగ కూడా పొగే. చెరకు తోట కాలినా, కొండ తుప్ప కాలినా లేచే నలుసు ఒకటే. బట్టీ పొగ రోజూ లేస్తుంది, పోడు పొగ వానలు రాకముందే చల్లారిపోతుంది. ఆ తేడా చదివినవాడికి తెలుస్తుందనుకున్నాను. తెలుసుకోదలచుకోనివాడు చదువుతాడని అనుకోలేదు.

నువ్వు కూడా ఆలోచించు. కృపారావు ముందే చెప్పాడు. ఎర్రన్న వేలు పట్టి ఆ కాగితం మీద పెట్టింది నేను కాదు.

ఇంకో నోటు రాస్తాను. ఈసారి బట్టీ పేరు పెట్టి, ఆఫీసుకు చూపకుండా రాస్తాను. నేనే వస్తాను. అక్కను తీసుకొస్తాను. జవాబు రాయి.

నారాయణమూర్తి.


గెడ్డవలస,
26 జులై 1969.

నారాయణమూర్తికి,

జవాబు ఆలస్యమైంది. రాయాలనిపించలేదు.

వేలి సంగతి నువ్వు చెప్పక్కర్లేదు. రోజూ బట్టీ పక్క నుంచి చేనుకు పోతాను. ఎర్రన్న అక్కడే ఉంటాడు.

పోడు ఆపించిన కొండవాలులో కట్టె కొట్టుకునే కాంట్రాక్టు చినబాబుకు వచ్చింది. కట్టె దగ్గరలోనే దొరుకుతోందని ఇంకో రెండు బట్టీలు కట్టాడు. తిండి లేక దిగి వచ్చిన జాతాపువాళ్లను అందులో పెట్టుకున్నాడు. వాళ్లు పుట్టి పెరిగిన కొండ చెట్లను వాళ్లే మోసుకొచ్చి బట్టీ నోట్లో వేస్తున్నారు. తవిటమ్మ రాయి కొడుతోంది. దానికీ దగ్గు పట్టుకుంది.

మీ అక్కను విజయనగరంలో చూపించాను. పొగ లేని చోట ఉంచమన్నారు. నీ దగ్గరికి వెళ్తావా అని అడిగాను. "ఆడి ఇంట్లో నాకు ఊపిరి ఆడతాదేటి?" అంది. మంచాన్ని పశువుల సాలలోకి మార్చాం. అక్కడ పొగ కొంచెం తక్కువ.

రెండో నోటు రాయకు. మొదటిది నిజమే అన్నావు, దానికే ఇంత అయింది. రెండోది ఇంకా నిజమైతే ఏమవుతుందో నాకు తెలియదు. నువ్వు రావద్దు. వస్తే చినబాబు స్టేషనుకు బండి పంపుతానన్నాడు. నీకు భోజనం తన ఇంట్లోనేనట. ఉత్తమాటకు అనడం లేదు, నీ మీద వాడికి నిజంగానే గౌరవం.

మొన్న మంగళవారం వాన పడింది. మధ్యాహ్నం మొదలై దీపాలు పెట్టే వేళ దాకా కురిసింది. మూడేళ్లలో అలాంటి వాన లేదు. చినబాబు తడుస్తూ చావిడి ముందుకు వచ్చి, "సూసినారా! కొండ మీద పొగ ఆపీసినాం, వాన వచ్చీసింది. నారాయణమూర్తి రాసింది రాసినట్టే అయింది" అని అరిచాడు. జనం ఔనన్నారు. అర్జీ మీద వేలు వేసినవాళ్లు కూడా ఔనన్నారు. అప్పలసూరి తాత నా వీపు మీద చరిచి, "మీ బామ్మర్ది దేముడురా" అన్నాడు. ఆ వాన ఎందుకు పడిందో నాకు తెలియదు. నీకూ తెలియదనే అనుకుంటున్నాను. బట్టీల పొగ ఆ వానలో కూడా లేస్తూనే ఉంది. అటు ఎవరూ చూడలేదు.

కాదని చెబుదామని నోటి దాకా వచ్చింది. ఊరంతా విత్తనం కోసం ఇళ్లకు పరుగెత్తుతున్నారు. నేనూ పరుగెత్తాను.

మర్నాడు గంటెలు చల్లి వస్తుంటే, బట్టీ దగ్గర ఎర్రన్న తలమీది కట్టెలమోపు దించి నిలబడ్డాడు. ఏప్రిల్ తరవాత అతను నన్ను పలకరించడం అదే.

"ఇత్తినావేటి?" అన్నాడు.

"ఇత్తినాను" అన్నాను.

"నేల మంచి పదునే. ఇత్తనానికి దాసిన సామలు మాకూ ఉండేవి. తినీసినాం" అన్నాడు. మోపు ఎత్తమన్నట్టు వంగాడు. ఎత్తి తలమీద పెట్టాను. బట్టీ మెట్లు ఎక్కి వెళ్లాడు.

సోములు.